సెమినార్ హాలు నుంచి నారుమడి దాకా

(మాడుగులపల్లిలో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, కాలువ నీళ్లు, కొనుగోలు కేంద్రాల్లో తీసే తరుగు. మన సమావేశాల్లో ఎప్పుడూ మాట్లాడుకునేవి ఇవే. ఇవాళ నాకిచ్చిన అంశం మాత్రం ‘జీవశాస్త్ర పరిశోధనా సదస్సులు, సమాజం’. వినగానే ఇది సదువుకున్నోళ్ల ముచ్చట, మనకెందుకు అనిపిస్తుంది. కానీ మనం పండించే వడ్లలో, కొనే పత్తి ప్యాకెట్‌లో, కొట్టే మందులో ఆ సదస్సుల ఫలితమే ఉంది. అందుకే ఈ విషయాన్ని మన పొలం గట్టు మీద నిలబడి చూద్దాం.

మిర్యాలగూడ మిల్లుల్లో ‘బీపీటీ’ అంటే చాలు, ఇంకేమీ చెప్పనక్కర్లేదు. బీపీటీ 5204, అంటే సాంబ మసూరి. బాపట్ల పరిశోధనా కేంద్రంలో డాక్టర్ ఎం.వి. రెడ్డి రూపొందించిన ఈ రకం 1986లో విడుదలైంది. దీని పుట్టుక చూడండి. కోయంబత్తూరులో తీసిన జీఈబీ 24, తైవాన్ నుంచి వచ్చిన తైచుంగ్ నేటివ్ 1, ఆపైన మసూరి. ఈ మూడింటి కలయిక అది. మన అన్నం కంచంలో ఎన్ని ఊళ్ల, ఎన్ని దేశాల శ్రమ ఉందో దీన్నిబట్టే తెలుస్తుంది.

సాంబ మసూరికి రుచి ఉంది, ధర ఉంది. దాంతోపాటు ఒక బలహీనత కూడా ఉంది. అది బాక్టీరియా ఎండాకు తెగులు. ఆకు కొసల నుంచి, అంచుల వెంట పసుపు పచ్చగా మారి, అలలు అలలుగా ఎండుతూ కిందికి దిగుతుంది. వాన, గాలి తోడైతే మడి నుంచి మడికి పాకుతుంది. నారు కొసలు తుంచి నాటితే ఆ గాయం నుంచే బాక్టీరియా లోపలికి పోతుంది. యూరియా ఎక్కువైన పొలంలో మరింత రెచ్చిపోతుంది. ఉధృతమైతే సగం పంట దాకా పోవచ్చు.

దీన్ని గుర్తుపట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. తెగులు సోకిన ఆకును కోసి, కోసిన కొసను గాజు గ్లాసులోని తేట నీళ్లలో ఉంచండి. కాసేపటికి ఆ కొస నుంచి తెల్లని ద్రవం పొగలాగా దిగుతుంది. అదే బాక్టీరియా. ఇలా దిగిందంటే శిలీంధ్రం మందులు ఎన్ని కొట్టినా డబ్బు దండగే. యూరియా ఆపాలి, మడిలో నిలిచిన నీళ్లు తీసేయాలి. స్ట్రెప్టోసైక్లిన్ కొట్టమని చెప్పేవాళ్లుంటారు. అందులో ఉన్న స్ట్రెప్టోమైసిన్ మనుషుల్లో క్షయకు వాడే ఔషధం. దాన్ని ఎకరాల కొద్దీ చల్లుకుంటూ పోతే దానికి లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. రేపు ఆసుపత్రిలో ఆ మందు పనిచెయ్యకపోతే ఆ నష్టం మన పిల్లలకే.

ఒక జన్యువు ప్రయాణం

మరి ఈ తెగులుకు విరుగుడు ఎక్కడ దొరికింది? ఆఫ్రికాలో మాలి అనే దేశపు అడవి వరిలో దొరికింది. కోతకు పనికిరాని గడ్డిలాంటి వరి అది. మన దేశంలో కటక్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు అది ఎండాకు తెగులును గట్టిగా తట్టుకుంటుందని గమనించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో ఆ గుణాన్ని సాగు వరిలోకి తెచ్చారు. 1995లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆ గుణానికి కారణమైన ఎక్స్‌ఏ 21 జన్యువును విడదీసి చూపించారు.

ఆ తర్వాత మన హైదరాబాద్ వంతు. హబ్సిగూడలోని సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధనా సంస్థ కలిసి ఎక్స్‌ఏ 21తో పాటు ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5 అనే మరో రెండు జన్యువులను సాంబ మసూరిలోకి తెచ్చాయి. మొదట సంకరం చేసి, వచ్చిన మొక్కలను మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలిపారు. ప్రతి తరంలోనూ డీఎన్‌ఏ గుర్తులు చూసి, మూడు జన్యువులూ ఉన్న మొక్కలనే ఏరుకున్నారు. ఇది జన్యుమార్పిడి పంట కాదు. మన పెద్దలు మంచి వెన్ను చూసి విత్తనానికి ఏరినట్టే, వీళ్లు మొక్క లోపలి గుర్తు చూసి ఏరారు. అలా వచ్చిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. దీని గ్లైసీమిక్ సూచిక దాదాపు 51 అని పరీక్షల్లో తేలింది. 55 లోపు ఉంటే తక్కువ అని లెక్క.

మాలి, కటక్, ఫిలిప్పీన్స్, కాలిఫోర్నియా, హైదరాబాద్. ఇంత దూరం ఆ జ్ఞానం ఎలా నడిచింది? రాసిన వ్యాసాల ద్వారా, ఇచ్చిపుచ్చుకున్న గింజల ద్వారా, శాస్త్రవేత్తలు కలిసి మాట్లాడుకునే సదస్సుల ద్వారా నడిచింది. సెమినార్ అంటే వాళ్ల రచ్చబండ. అక్కడ ఒకరు తన ఫలితం చెబుతారు, మిగతావాళ్లు దాన్ని తిరగేసి చూస్తారు. ఎన్ని మళ్లలో వేశావు, ఏ రకంతో పోల్చావు, రెండో ఏడు కూడా అదే వచ్చిందా అని అడుగుతారు. అంగట్లో ఎద్దును కొనేముందు పళ్లు చూసి, నడక చూసి, అరక కట్టి చూస్తామే, అలాంటిదే ఇది. ఆ పరీక్ష లేకపోతే శాస్త్రానికీ, కంపెనీ ప్రకటనకూ తేడా ఉండదు.

ఇక్కడ నేను అడిగేది ఒకటే. మాలి నుంచి హైదరాబాద్ దాకా నడిచిన జ్ఞానం హైదరాబాద్ నుంచి మాడుగులపల్లికి రావడానికి ఎందుకింత కష్టపడుతోంది? ఈ సభలో మెరుగైన సాంబ మసూరి సాగు చేసినవాళ్లు చేతులెత్తండి. (కొద్ది చేతులు లేచాయి.) చూశారు కదా. విత్తనం విడుదల చేయడంతో పని అయిపోదు. తగినంత మూల విత్తనం కావాలి. ఆ వడ్లు ఏ పేరుతో తీసుకుంటారో మిల్లరుకు ముందే తెలియాలి. షుగర్ ఉన్నవాళ్లకు మేలని పట్నంలో ప్యాకెట్ ధర పెంచితే, అందులో రైతుకు వచ్చే వాటా ఎంతో తేలాలి.

హెచ్చరిక చేరకపోతే ఏమవుతుంది

పత్తి సంగతి చూడండి. బీటీ పత్తికి 2002లో అనుమతి ఇచ్చారు. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు దాటింది. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాయల్టీ దోపిడీ మీద గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్లింది. ఆ పోరాటం వల్లే ధర 750 రూపాయలకు దిగింది.

ధర దిగింది గానీ, మరో నష్టం మిగిలింది. చుట్టూ కొన్ని సాళ్లు బీటీ కాని పత్తి వేయకపోతే పురుగు త్వరగా అలవాటు పడుతుందని శాస్త్రవేత్తలు మొదటి నుంచీ చెప్పారు. అందుకే ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న సంచి ఇచ్చారు. అది ఎందుకిచ్చారో మన భాషలో, మన చేను దగ్గర నిలబడి చెప్పినవాళ్లు ఎంతమంది? ఆ సంచిని పారేసినవాళ్లే ఎక్కువ. ఇవాళ గులాబీ రంగు పురుగు బీటీకి లొంగడం లేదు. సదస్సులో చెప్పిన హెచ్చరిక సాలు దాకా రాలేదు. నష్టం మాత్రం నేరుగా సాలులోకే వచ్చింది.

ఇప్పుడు ముందున్నది

2025 మే 4న కేంద్ర ప్రభుత్వం జన్యు సవరణ చేసిన రెండు వరి రకాలను ప్రకటించింది. అందులో డీఆర్‌ఆర్ ధాన్ 100, అంటే ‘కమల’, మన సాంబ మసూరి నుంచే రాజేంద్రనగర్‌లో తీసింది. 19 శాతం ఎక్కువ దిగుబడి, 20 రోజులు ముందే కోత అంటున్నారు. ఎడమ కాలువ ఆయకట్టు చివరి రైతుకు 20 రోజుల నీళ్లు మిగలడం చిన్న సంగతి కాదు. అదే నిజమైతే మనం ఆహ్వానిద్దాం. అయితే బయటి జన్యువు చేర్చని ఇలాంటి రకాలకు 2022లోనే జన్యుమార్పిడి పంటల నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చారు. సవరణకు వాడే సాధనం మీద విదేశీ సంస్థల పేటెంట్లు ఉన్నాయి. రేపు విత్తనం ధరలో వాటి వాటా ఎంత? ఏ ఊళ్లో, ఏ నేలలో, ఎన్ని పంటకాలాలు పరీక్షించారు? ఎక్కడ తక్కువ పండింది? ఇవి శాస్త్రానికి అడ్డుపడే ప్రశ్నలు కావు. సెమినార్ హాల్లో శాస్త్రవేత్తలు ఒకరినొకరు అడిగే ప్రశ్నలే. వాటిని మనమూ అడుగుతున్నాం.

చట్టం కూడా మన పక్షాన ఉంది. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. ఆ చట్టం కింద నమోదైన రకం చెప్పినట్టు పండకపోతే నష్టపరిహారం కోరవచ్చు. కొన్న రసీదు, ఖాళీ సంచి పారేయకండి.

అందుకే మన డిమాండ్లు ఇవి. ప్రజాధనంతో నడిచే ప్రతి వ్యవసాయ, జీవశాస్త్ర పరిశోధనా సంస్థ ఏడాదికి ఒక్కరోజైనా తన ఫలితాలను తెలుగులో, కంపాసాగర్, గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాల్లో రైతుల ముందు పెట్టాలి. విఫలమైనవి కూడా చెప్పాలి. కొత్త రకాలను మన ఆయకట్టులో కౌలు రైతుల పొలాలతో సహా పరీక్షించి, ప్రాంతాల వారీ లెక్కలు బయటపెట్టాలి. విడుదలకు ముందే మూల విత్తనం, కొనుగోలు, సన్న వడ్ల బోనస్ సంగతి తేల్చాలి. ఆ సదస్సుల్లో నాట్లు వేసే, కలుపు తీసే ఆడవాళ్లకు కూడా మాట్లాడే చోటు ఉండాలి. పొలంలో ఆకు రంగు మారితే ముందుగా చూసేది వాళ్లే.

మనం చేయాల్సిన పని కూడా ఉంది. ప్రతి ఊరి కమిటీ ఒక నోటుబుక్కు పెట్టాలి. ఏ రకం, ఎప్పుడు నాటాం, ఎన్ని బస్తాల యూరియా వేశాం, ఏ తెగులు ఎప్పుడు కనిపించింది, ఎకరాకు ఎంత పండింది. ఇంతే రాయండి. 20 ఊళ్ల పుస్తకాలు ఒకచోట పెడితే ఏ శాస్త్రవేత్తయినా కూర్చుని చదవాల్సిన సమాచారం అవుతుంది. వానాకాలం కోతలు అయ్యేలోపు ఆ పుస్తకాలు, ఊరికి ఐదు ప్రశ్నల చొప్పున రాసి మండల కమిటీకి అందజేయండి. అవి పట్టుకుని మనమే కంపాసాగర్ పోదాం.