గడ్డుకాలములో సర్కారు చేయవలసిన పని



2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు నీరుగట్టువారిపల్లె పట్టుమగ్గాలు ఆగాయి. కుప్పం నుండి బెంగుళూరు పనులకు పోయే రైళ్లు ఆగాయి. పుంగనూరులో కుట్టుమిషన్లు మూలబడ్డాయి. ఏప్రిల్-జూన్ నెలల్లో దేశపు ఉత్పత్తి దాదాపు నాలుగో వంతు పడిపోయిందని సర్కారు లెక్కలే చెప్పాయి.

అటువంటప్పుడు ప్రభుత్వము కూడా ఖర్చు తగ్గించుకోవాలంటారు కొందరు. మేము ఒప్పుకోము. ఒక ఇంటివాడు ఖర్చు మానుకుంటే ఒక అంగడికే బేరం పోతుంది. సర్కారు మానుకుంటే ఊరందరి బేరమూ పోతుంది. 2019లో కంపెనీల పన్ను 30 నుండి 22 శాతానికి తగ్గించారు. కొనేవాడు లేనిదే కొత్త మగ్గమెవరు వేస్తారు?

2020 మేలో ఉపాధిహామీకి అదనంగా 40,000 కోట్లు ఇచ్చారు. అది మంచి పని. మట్టిపని కూలి నేరుగా కిరాణా కొట్టుకే చేరుతుంది (కూలి సకాలంలో పడితే సుమా!). కానీ 2005 నాటి ఆ చట్టము పల్లెలకే వర్తించేది. మన టైలర్లు, మెకానిక్కులు, హమాలీలు పట్నంవాళ్లాయె, జాబ్‌కార్డు ఎక్కడిది? జన్‌ధన్ ఖాతాలున్న ఆడవాళ్లకు నెలకు 500 చొప్పున మూడు నెలలు పడ్డాయి. దానితో ఇంటి బాడుగ తీరుతుందా?

కేరళలో 2010లోనే పట్నపు కూలీలకు అయ్యంకాళి పేరిట 100 రోజుల పని పథకము పెట్టారు. మన మూడు ఊళ్ల మునిసిపాలిటీలలోనూ కాలువలు, బడిగోడలు ఉన్నాయి, పని ఉంది. ఆ సంగతే అర్జీలో రాశాము. భోజనాలకు లేచేముందు అందరూ సంతకాలు చేయండి.