రెండు సెకన్ల వల్లెవేత



అష్టావధానంలో నాకు ఇష్టమైన మనిషి అప్రస్తుత ప్రసంగి. దత్తపదికి ఇచ్చిన నాలుగు మాటల్ని అవధాని పద్యంలో పొదుగుతుంటే, సరిగ్గా అప్పుడే "మీ ఇంట్లో వంటెవరు చేస్తారండీ?" అంటాడు. సభంతా నవ్వుతుంది. ఆ ప్రశ్న ఎక్కడ దెబ్బ కొడుతుందో అతనికి బాగా తెలుసు.

ఆ దెబ్బ తగిలేది, పని సాగుతున్నంతసేపు మనసు పట్టి ఉంచే జ్ఞాపకానికి. దానికి 1974లో మనస్తత్వవేత్తలు అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ ఒక నమూనా ఇచ్చారు. మాటల్ని మనం లోలోపల వల్లె వేస్తూ నిలుపుకుంటాం. సుమారు రెండు సెకన్లలో పలకగలిగినంతే ఆ వల్లెవేతలో నిలుస్తుంది. ఓటీపీ కొట్టేలోపు ఎవరైనా పలకరిస్తే ఏమవుతుందో మీకు తెలిసిందే. 1976లో కోల్, వెల్ష్ చేసిన ప్రయోగం ఇంకా విచిత్రం. జర్మన్ రానివాళ్లకు గుర్తుంచుకోమని అక్షరాలు చూపిస్తూ, వెనక జర్మన్ చదివి వినిపించారు. పట్టించుకోవద్దన్నారు. అయినా తప్పులు పెరిగాయి!

మరి అవధాని ఎలా నెగ్గుకొస్తాడు? జవాబుకు ఒక ప్రయోగం చూద్దాం. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి మొదట ఏడంకెలే గుర్తుపెట్టుకోగలిగేవాడు. 230 గంటలకు పైగా సాధన చేశాక 79 అంకెలు వరసగా అప్పజెప్పాడు. అతను పరుగు పందేల మనిషి. అంకెల్ని పందెం సమయాలుగా మార్చుకున్నాడు. అంకెలు తీసేసి అక్షరాలిస్తే మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. అంటే లోపలి చోటు పెరగలేదు, ముందే ఉన్న తెలివిడి మోసింది. అవధానికి ఛందస్సు, యతిప్రాసలు అలాంటి ఆసరాయే అని నా నమ్మకం. బరువు అవి మోస్తాయి కాబట్టే చతుర్లాడటానికి ధ్యాస మిగులుతుంది.

ఈ రోజు బీఎడ్ పట్టాలు అందుకుంటున్న మీ తరగతిలో రేపు కూర్చునే పిల్లలకు ఇంకా ఆ ఆసరా లేదు. "పుస్తకం తియ్యండి, తేదీ వెయ్యండి, మూడో లెక్క వదిలి నాలుగోది చెయ్యండి" అంటాం. ఒకడు పుస్తకం తీసి, దిక్కులు చూస్తుంటాడు. వీడికి ధ్యాస లేదని రాసేస్తాం. ఇలాంటి పిల్లల్ని ఇంగ్లండులో ఏళ్ల తరబడి పరిశీలించిన సూసన్ గాథర్‌కోల్ బృందం చెప్పింది వేరు: టీచర్లు పరధ్యానం అనుకున్నచోట చాలాసార్లు ఉన్నది మాటలు నిలుపుకునే చోటు చాలకపోవడం. మూడు మాటలు ఒక్కసారే చెప్పకండి. బోర్డు మీద రాయండి. కూడికలో చేతికి మిగిలిన ఒకటిని వాడు కాగితం మీద వేసుకునేదాకా, దయచేసి, వాణ్ణి పలకరించకండి.