పనులకు వలపటము



ఒక పనిని తలపెట్టగనే "ఎప్పటికి పూర్తి యగును?" అను ప్రశ్న పుట్టును. దానికి మన మిచ్చు ప్రత్యుత్తరము సామాన్యముగా ఊహయే. ఉగాదికనియో తొలకరికనియో ఒక గడువు చెప్పుదుము. ఆ గడువు దాటిన పిమ్మట కూలీలను, మేస్త్రీని, కాలమును నిందింతుము. గడువును ఊహింపక లెక్కించి చెప్పు మార్గ మొకటి కలదు. దానిని నేడు మీకు విన్నవింతును.

నేను ఇంజనీరును గాను. బాలురకు పద్యములు చెప్పుకొని బ్రతికిన తెలుగు పండితుడను. అయినను ఈ విద్య నాకు క్రొత్తగా తోచలేదు. పద్యములో పదములు ఛందస్సు కొరకు ఎట్లో కూర్పబడియుండును. అర్థము కావలెనన్న ఏ పదము ఏ పదమును అపేక్షించుచున్నదో చూచి అన్వయము చేయవలెను. పనులును అట్టివే. అవి మన నోట వచ్చు వరుస వేరు. ఒకదాని నొకటి అపేక్షించు వరుస వేరు. ఆ రెండవ వరుసను కాగితముపై గీసిన అది వలవలె కనబడును. కనుక దానిని వలపటమందము.

ఈ విధానము అమెరికా దేశమున పుట్టినది. 1957లో డ్యూపాంట్ అను రసాయన ద్రవ్యముల కంపెనీకి చెందిన మోర్గన్ వాకరు, రెమింగ్టన్ రాండ్ కంపెనీకి చెందిన జేమ్స్ కెల్లీ అనువారు కర్మాగార నిర్మాణములకై దీనిని కల్పించిరి. మరుసటి యేడు 1958లో ఆ దేశపు నౌకాదళమువారు పొలారిస్ అను క్షిపణి నిర్మాణమునకై ఇట్టిదే మరియొక విధానమును ఏర్పరచుకొనిరి. గొప్ప పనులకై పుట్టినను ఇది చిన్న పనులకును చక్కగా నుపకరించును. మన యూరి పనినే చూతము.

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడిచిరి. గుంటూరు, ప్రకాశం సీమలలోని అనేక గ్రామములు కుడి కాలువ నీటితో మంచినీళ్ళ చెరువు నింపుకొని వేసవి గడపుచున్నవి. కాలువకు నీరు వచ్చు దినములు కొన్నియే. ఆ దినములకు చెరువు సిద్ధముగా లేకున్న నీరు మన ముందునుండియే దిగువకు పోవును. ఊరు బిందెలు పట్టుకొని ట్యాంకరు కొరకు ఎదురుచూడవలసి వచ్చును.

మే 1వ తేదీన నీరు వచ్చుననుకొందము. చెరువు పూడిక తీయవలెను, కట్ట బాగుచేయవలెను, తూమునకు క్రొత్త తలుపు పెట్టవలెను. పనులను, ఒక్కొక్కదానికి పట్టు దినములను చెప్పెదను. పెద్దలు కూడి తీర్మానించి చందాలు వేసుకొనుటకు 5 దినములు. పాత నీరు తోడి గుంట ఆరబెట్టుటకు 12. పూడిక తీయుటకు 15. ఆ మట్టితోనే కట్ట బలపరచుటకు 8. తూము తలుపు చేయించి తెప్పించుటకు 20. దానిని బిగించుటకు 6. మేజరునుండి చెరువునకు వచ్చు పిల్లకాలువ బాగుచేయుటకు 10. తుదకు అన్నియు సరిచూచుటకు 2.

వీనిని కూడిన 78 దినము లగును. కాని ఇన్ని దినములు అవసరము లేదు, కొన్ని పనులు ఏకకాలమున జరుగును గదా. ఇప్పుడు వాకిట ముగ్గునకు చుక్కలు పెట్టినట్లు పని ముగియు ఒక్కొక్క చోట ఒక చుక్క పెట్టి, ఏది ముగిసినగాని ఏది మొదలు కాదో చూచి గీతలు కలుపుడు. తీర్మానమునుండి మూడు దారులు చీలును. తుది పరీక్షయొద్ద మూడును కలియును.

మొదటి దారి తీర్మానము, ఆరబెట్టుట, పూడిక, కట్ట, పరీక్ష: 42 దినములు. రెండవది తీర్మానము, తలుపు తెప్పించుట, బిగింపు, పరీక్ష: 33. బిగించుటకు గుంట ఆరియుండవలెను గాని, గుంట 17వ నాటికే ఆరును, తలుపు 25వ నాటికి గాని రాదు. కనుక చిక్కు లేదు. మూడవది తీర్మానము, పిల్లకాలువ, పరీక్ష: 17 దినములు.

అన్నిటికంటె పొడుగైన దారియే పని గడువు. దానికి కీలకమార్గమని పేరు. మే 1కి నీరు రావలెనన్న మార్చి 20వ తేదీననే మనము కూర్చుండవలెను. కీలకమార్గములో ఒక దినము జారిన మొత్తము పని ఒక దినము జారును. తలుపు దారికి 9 దినములు, పిల్లకాలువకు 25 దినములు వెసులుబాటు కలదు.

ఈ వెసులుబాటు మాట రైతునకు ముఖ్యము. పూడిక తీయు దినములును మిరపకాయ కోతల దినములును ఒకటియే. ఊరి పని యనగానే అందరిని కోతలనుండి పిలిచి పిల్లకాలువకు పంపుట కలదు. కాయ చేలలో రాలిపోవును; చెరువు మాత్రము ఒక్క దినమైనను ముందు సిద్ధము కాదు. వలపటము చూచినవాడు పిల్లకాలువను కోతలు సడలిన పిమ్మట పెట్టుకొనును.

ఒక రైతు నన్ను అడిగెను: "పంతులుగారూ, పని తెలిసినవాడికి ఈ గీతలెందుకండీ? మా తాతలు గీసుకుని చేశారా?" నే నిట్లంటిని: "నాయనా, ఒక్కని పని ఒక్కని తలలో ఇముడును. పదిమంది పని పదిమంది తలలలో పది విధములుగా నుండును. అందరు చూచునట్లు ఒకచోట నుండుటకే ఈ గీతలు."

మరి దినముల సంఖ్య ఎట్లు తెలియును? నౌకాదళమువారి విధానములో దీనికొక ఉపాయము కలదు. అన్నియు కలిసివచ్చిన ఎన్నాళ్ళు, సామాన్యముగా ఎన్నాళ్ళు, అన్నియు ఎదురు తిరిగిన ఎన్నాళ్ళు అని మూడు సంఖ్యలు అడుగుదురు. నడిమి సంఖ్యను నాలుగింతలు చేసి, తక్కిన రెంటిని కలిపి, ఆరుచే భాగింతురు. తలుపునకు 14, 19, 30 అని మేస్త్రీ చెప్పెననుకొనుడు. 14ను, 76ను, 30ని కలిపిన 120. ఆరుచే భాగింపగా 20. నేను చెప్పిన 20 దినములు ఇట్లు వచ్చినవే.

ఇక అసలు కష్టము. మనవారు మార్చి 20న గాక ఏప్రిల్ 1న కూడిరి. మిగిలినవి 30 దినములే. ఏమి చేయవలెను? ఎక్కువ ట్రాక్టర్లు పెట్టి పూడికను 9 దినములకు, కట్టను 5 దినములకు తగ్గింతురు. 9 దినములు కలిసివచ్చి మొదటి దారి 33 అగును. ఇక రెండవ దారియు 33గానే యున్నది. ఇప్పుడు కీలకమార్గములు రెండు. పూడికకు ఇంకను డబ్బు పోసినను ఫలము లేదు, తలుపు రాలేదు గదా. ఆరబెట్టుట తగ్గదు, నల్లరేగడి తడిగా నుండగా ట్రాక్టరు దించిన దిగబడిపోవును, ఎండ మన మాట వినదు. తలుపు మేస్త్రీ చేతిలోనిది. మరి ఆ 3 దినములు ఎచ్చట దొరకును?

పటమును మరల చూడుడు. మూడు దారులకును మొదట నున్నది ఒక్కటే: పెద్దలు కూడి తీర్మానించుట. దానికి 5 దినములు పెట్టితిమి. దానిని 2 దినములలో ముగించిన రెండు దారులును ఒకేసారి 30కి దిగును. దానికి పైసా ఖర్చు లేదు. ఎవరి వీధి ఎంత ఇయ్యవలెను, ఎవరి పేరు శిలాఫలకముమీద ముందుండవలెను అను వాదములతో రచ్చబండమీద గడచు దినమే ఊరికి మిక్కిలి ఖరీదైన దినము. ఈ సంగతి చెప్పుటకే నేడు ఇంత దూరము వచ్చితిని.

పెద్ద పనులలోను ఇదే న్యాయము. మన పడమటి మెట్టకు నీరిచ్చు తలంపుతో వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేసిరి. శ్రీశైల జలాశయపు నీటిని నల్లమల కొండల క్రిందుగా తెచ్చుటకు ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్ల సొరంగములు రెండు. సొరంగము పదివేల మంది చేరిన త్వరపడు పని కాదు. ఇరుకైన ముఖమున పట్టు యంత్రమెంతయో త్రవ్వకమంతే. మొదటిది 2021లో, రెండవది 2024లో పూర్తియయ్యెను. ఆ యేడు మార్చి 6వ తేదీన జాతికి అంకితము చేసిరి. అయినను ముంపు గ్రామములవారికి పునరావాసము అప్పటికి మిగిలియే యుండెను. జనము నివసించుచుండగా జలాశయమును నింపుట ఎట్లు? రాతిని తొలచుట ఒక దారి యైన, సంసారములను కదలించి వేరొకచోట నిలుపుట మరియొక దారి. రెండును కలిసినచోటనే నీరు. ఇండ్లు విడువవలసినవారి దారిని గూడ మొదటినాడే పటములో గీయవలెను.

కనుక మీ గ్రామమున చెరువో, బడియో, గోదామో తలపెట్టినప్పుడు పంచాయతీ గోడమీద బొగ్గుతోనైనను వలపటము గీయింపుడు. కీలకమార్గమును ఎఱ్ఱ సుద్దతో దిద్దుడు. వారమున కొకసారి దానియెదుట నిలిచి, ముగిసిన పనిని కొట్టివేసి, మిగిలిన దినములను మరల లెక్కింపుడు. నిన్నటి కీలకమార్గము నేటికి మారవచ్చును. గడువు తప్పిన పిమ్మట ఎవరిని నిందింపవలెనని వెదకుటకంటె, తప్పకముందు ఏ గీతను పట్టుకొనవలెనని వెదకుట పెద్దఱికమునకు తగినది.

సెలవు.