బడిపిల్లల అన్నపు గిన్నె

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభలలో మీరు సాధారణముగా రోడ్లను గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు, వీధి దీపములను గూర్చియు వినుచుందురు. ఈ దినము మేము ఒక చిన్న వస్తువును గూర్చి మాట్లాడదలచితిమి. అది మీ ఊరి పిల్లవాడు ఉదయమున సంచిలో పెట్టుకొని బడికి పోవు అన్నపు గిన్నె. కొందరు దానిని క్యారియరందురు, కొందరు బాక్సందురు. పేరేదైనను ఆ పిల్లవాడు మధ్యాహ్నము పాఠము వినునో, బల్లమీద తల వాల్చునో చాలవరకు ఆ గిన్నెయే నిర్ణయించును.

"ఇది ఇంటిలోని సంగతి గదా! పంచాయతీకేమి పని?" అని మీలో కొందరికి తోచవచ్చును. మాకును మొదట అట్లే తోచినది. ఎందువలన మా అభిప్రాయము మారినదో మనవి చేసికొందుము.

ప్రభుత్వ పాఠశాలలలో చదువు పిల్లలకు మధ్యాహ్న భోజనము బడిలోనే దొరకుచున్నది. వండిన అన్నమే పెట్టవలెనని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28వ తేదీన ఉత్తరువు చేసినది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుండి అది అమలునకు వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకమునకు 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. గోదావరి లంకలలో ఆకలిగొన్న బాటసారికి వేళ చూడక అన్నము పెట్టిన తల్లి ఆమె. ఆ పేరు బడి భోజనమునకు తగిన పేరు.

కాని మీ గ్రామములలోని పిల్లలందరును ఆ పంక్తిలో కూర్చుండుట లేదు. ఉదయము 7 గంటలకే బస్సులోనో, ఆటోలోనో పట్టణములోని ప్రైవేటు బడులకు పోవు పిల్లలున్నారు. వారి మధ్యాహ్నపు అన్నము ఇంటినుండియే పోవలెను. మా మాటలు ముఖ్యముగా వారిని గూర్చి.

మిరపకోతల కాలములో మేము పలనాటి సీమలోని ఒక గ్రామమునకు పోయితిమి. తెల్లవారి బస్సు నిలుచు చోట పదిమంది పిల్లలు కనబడిరి. చనువు చేసికొని గిన్నెలు చూపుడని అడిగితిమి. ఆరు గిన్నెలలో తెల్లని అన్నము, దానిమీద ఆవకాయ బద్ద. రెండింటిలో ముందునాటి సాయంత్రము అంగడిలో కొన్న బ్రెడ్డు ముక్కలు, నడుమ జాము. ఇద్దరు పిల్లలకు గిన్నెలే లేవు. వారి జేబులలో పది రూపాయల నోట్లున్నవి. ఆ నోటుతో ఏమి కొందువని అడుగగా, ఒక బాలుడు బడి గుమ్మమునొద్ద దొరకు కారపు చిప్సు పొట్లము పేరు సంతోషముగా చెప్పినాడు.

ఆ సాయంకాలము రామాలయము అరుగుమీద తల్లులను సమావేశపరచి, పప్పులు, ఆకుకూరలు, పండ్లు, గుడ్లు పెట్టవలెనని మాకు అలవాటైన ఉపన్యాసమే చేసితిమి. పటములు కూడ చూపితిమి. చివర వరుసనుండి ఒక తల్లి లేచి, "అయ్యా! మీరు చెప్పినవన్నీ మంచివే. తెల్లారకముందే కూలి ఆటో ఎక్కాలి. ఇవన్నీ ఎప్పుడు వండేది?" అని అడిగినది. మాయొద్ద సమాధానము లేకపోయెను. పటములు చుట్టుకొని వచ్చితిమి.

ఆమె ప్రశ్న మమ్ములను చాల దినములు విడువలేదు. పేదయింట కొరవడినది డబ్బు మాత్రమే అనుకొని మేము మాట్లాడుచుంటిమి. డబ్బుకంటె ముందు ఆమెకు కొరవడినది తెల్లవారుజామున అరగంట కాలము. ఆ అరగంటను ఎట్లు మిగుల్చవలెనో చెప్పని సలహా ఎంత మంచిదైనను ఆమెకు పనికిరాదు. ఈ దినము మేము చెప్పబోవునది ఆమెకు ఆనాడు చెప్పలేకపోయిన సమాధానమే.

మొదట గిన్నెలో ఎంత ఉండవలెనో చూతము. బడి భోజనమునకు ప్రభుత్వము నిర్ణయించిన కొలత ఒకటి కలదు. ఐదవ తరగతి వరకు పిల్లవానికి పూటకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుండి ఎనిమిది వరకు 150 గ్రాముల బియ్యము, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె. చిన్నవారికి 450 కేలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు అందవలెనని దీని ఉద్దేశము. ఇంటి గిన్నెకును ఇదియే కొలతగా పెట్టుకొనవచ్చును.

ఆవకాయ అన్నములో శక్తి యున్నది, కడుపు నిండును. కాని 100 గ్రాముల బియ్యములో మాంసకృత్తులు సుమారు 7 గ్రాములే. దానికి ఒక గుప్పెడు, అనగా 30 గ్రాముల వేరుసెనగ పప్పు చేర్చినచో మరి 7 గ్రాములు వచ్చును. కొలత నిండినది. కిలో పప్పు 150 రూపాయలనుకొన్నను ఆ గుప్పెటి వెల నాలుగున్నర రూపాయలు. పది రూపాయల చిప్సు పొట్లము వెనుక ముద్రించిన తూకమును ఒకసారి చదివి చూడుడు. ఏది చౌకయో మీకే తెలియును.

రెండవది ఇనుము. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆరు నెలలు మొదలు ఐదేండ్లలోపు పిల్లలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63 మంది, తెలంగాణలో నూటికి 70 మంది. ఆ పిల్లలే నేడు బడి మెట్లెక్కుచున్నారు. పాలిపోయిన పిల్లను మనము మందమతి యనుకొందుము. ఆమె నెత్తురు పలుచబడినదని ఎరుగము. ఆకుకూరలు, పప్పులు ఇనుము నిచ్చును. అయితే వాటిలోని ఇనుము ఒంటికి పట్టుటకు పులుపు తోడు కావలెను. నిమ్మరసము గాని, ఉసిరి గాని, జామకాయ గాని అన్నముతోబాటు తిన్నచో ఆ పని జరుగును. అన్నముతో టీ త్రాగినచో ఇనుము ఒంటికి పట్టుట తగ్గును. ఈ సంగతి ప్రతి ఇంటను తెలియవలెను.

పట్టణములను చూచి బ్రెడ్డు ముక్కలు కట్టుట గొప్ప యని కొందరు భావించుచున్నారు. ఆ అంగడి బ్రెడ్డు చాలవరకు మైదాపిండి. జాములో అధికభాగము చక్కెర. మనకు రొట్టె కావలెనన్న రాగి రొట్టె లేదా? 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నపు ధాతువున్నది. మునగాకు, ఉల్లిపాయ కలిపి కాల్చిన రాగి రొట్టెకు ఏ అంగడి రొట్టెయు సాటి రాదు.

ఇక కాలము సంగతి. ఉదయపు పనిని ఆదివారమునకును, ముందునాటి రాత్రికిని తరలించుటయే ఉపాయము.

ఆదివారమునాడు రెండు పొడులు చేసి పెట్టుకొనవలెను. మొదటిది ఆకు పొడి. మునగాకు, కరివేపాకు కడిగి నీడలో గలగలలాడునట్లు ఆరబెట్టవలెను. సెనగపప్పు, మినపప్పు, జీలకర్ర, ఎండుమిరప వేయించి, వెల్లుల్లి, ఉప్పు, కొంచెము చింతపండు చేర్చి, ఆకుతో కలిపి దంచవలెను. రెండవది వేరుసెనగ పొడి గాని, నువ్వుల పొడి గాని. తడిలేని సీసాలో ఉంచి, పొడి చెంచాతో తీసినచో ఇవి వారము దినములు చక్కగా నిలుచును. బూజు పట్టిన, ముడుతలు పడిన వేరుసెనగ గింజలను మాత్రము దయలేక ఏరి పారవేయవలెను. బూజువలన కలుగు విషము వేయించినను పూర్తిగా పోదు.

రాత్రి పడుకొనబోవునపుడు ఒక గుప్పెడు సెనగలో, పెసలో, అలసందలో నానబెట్టుట రెండు నిమిషముల పని. ఉదయము అన్నముతోబాటే ఒక గిన్నెలో ఉడుకును.

ఇట్లు సిద్ధపడిన ఇంట ఆరు దినముల వరుస ఈ విధముగా నుండవచ్చును. సోమవారము నిమ్మకాయ పులిహోర, వేరుసెనగ పప్పు ధారాళముగా వేసి. మంగళవారము గట్టిగా వండిన తోటకూర పప్పు అన్నము. బుధవారము మునగాకు రాగి రొట్టె, వేరుసెనగ పచ్చడి. గురువారము ఆకు పొడి అన్నము, ఉడికించిన సెనగల తాలింపు. శుక్రవారము పెసరపప్పు పులగము, ఉసిరి పచ్చడి. శనివారము నువ్వుల పొడి అన్నము, ఉడికించిన గుడ్డు. గుడ్డు తినని ఇంట అలసందలు. జామకాయల కాలములో ఒక కాయ, లేనపుడు నువ్వులుండయో, బెల్లపు ముక్కతో వేయించిన సెనగలో తోడు పంపవచ్చును. ఇందులో మీ సంతలో దొరకని వస్తువొక్కటియు లేదు.

ఒక జాగ్రత్త. వండిన అన్నము గోరువెచ్చగా గంటల తరబడి మూతలో నున్నచో చెడును. వాంతులు, విరేచనములు కలుగవచ్చును. రాత్రి మిగిలిన అన్నము గిన్నెలో కట్టరాదు. ఉదయము వండిన అన్నమునే పళ్లెములో పరచి, ఆవిరి పోయిన పిమ్మట స్టీలు గిన్నెలో పెట్టి మూత వేయవలెను. నిమ్మ, చింతపండు పులుపు అన్నమును కొంత కాపాడును. ప్రయాణమునకు పులిహోర కట్టు మన పెద్దల ఆచారములో ఈ తెలివి యున్నది.

మరియొక మాట, ముఖ్యముగా మగవారితో. గిన్నె కట్టుట తల్లి పనియే యని ఏ శాస్త్రమును చెప్పలేదు. తల్లి కూలి ఆటో ఎక్కిన ఇంట తండ్రి నిమ్మకాయ పిండలేడా? సెనగలు నానబెట్టలేడా? సర్పంచుగారి ఇంటనే ఈ పని మొదలైనచో ఊరిలో ఎవరును నవ్వరు.

ఇప్పుడు పంచాయతీ పనికి వత్తుము. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికకు నిర్ణయించిన 9 అంశములలో బాలలకు అనుకూలమైన గ్రామము ఒకటి, ఆరోగ్యవంతమైన గ్రామము మరియొకటి. కావున మేము అడుగునది మీ పరిధికి వెలుపలిది కాదు.

మొదటిది: చెరువు గట్టునను, బడి ఆవరణలోను, పంచాయతీ స్థలములలోను మునగ, కరివేప, నిమ్మ, జామ, ఉసిరి నాటింపుడు. మునగకొమ్మ పాతిన మరుసటి ఏటికే ఆకు చేతికి వచ్చును. ఆ ఆకు ఎవరైనను కోసికొనవచ్చునని తీర్మానము చేయుడు.

రెండవది: పొడులు దంచుట, నువ్వులుండలు చేయుట మీ ఊరి మహిళా సంఘమునకు అప్పగింపుడు. ప్రతి ఇంట ఒక్కొక్క తల్లి ఆదివారము పడు శ్రమను పదిమంది కలిసి పంచుకొందురు. తీరికలేని ఇల్లాలు సరసమైన వెలకు కొనుక్కొనును. సంఘమునకును నాలుగు రూపాయలు మిగులును.

మూడవది: మీ ఊరి బడియొద్ద నున్న అంగళ్లను ఒకసారి చూచి రండు. కొవ్వు, ఉప్పు, చక్కెర అధికముగా గల తినుబండారములను బడి ఆవరణలో గాని, దానికి 50 మీటర్ల లోపల గాని అమ్మరాదని 2020లో ఆహార భద్రతా నిబంధనలు వచ్చినవి. అంగడివాడు మీ ఊరివాడే. అతని కడుపు కొట్టుమని మేము చెప్పుట లేదు. ఉడికించిన పల్లీలు, జామకాయలు, పల్లీపట్టి అమ్ముకొనుమని చెప్పుడు. బేరము అతనికి నిలుచును, ఆరోగ్యము పిల్లలకు నిలుచును.

నాలుగవది: పిల్లలు కూర్చుండి తినుటకు నీడ, చేతులు కడుగుకొనుటకు కుళాయి, సబ్బు ఉన్నవో లేవో విచారింపుడు. మురికి చేతితో తిన్న మంచి అన్నము సగము వ్యర్థము.

ఈ నాలుగింటికిని పెద్ద నిధులు అక్కరలేదు. కావలసినది మీ శ్రద్ధ.

ఆ పలనాటి గ్రామమునకు మేము తిరిగి పోవలసి యున్నది. ఈసారి పటములు తీసికొని పోము. ఒక సీసా మునగాకు పొడి, ఒక గుప్పెడు నానిన సెనగలు చేతబట్టుకొని, ఆ తల్లి కూలినుండి వచ్చిన పిమ్మట ఆమె గుమ్మమునొద్ద, "అమ్మా, నీవడిగిన దానికి ఇది మా సమాధానము, చాలునో లేదో నీవే చెప్పు" అని అడుగుదుము. అటువంటి తల్లులు మీ గ్రామములలోను ఉన్నారు. వారికి సమాధానము చెప్పుటకు మాకంటె మీరు దగ్గరగా నున్నారు.

రేపు సోమవారము తెల్లవారి మీ ఊరి బస్సు నిలుచు చోటికి ఒకసారి పొండు. పిల్లలను బుజ్జగించి గిన్నెలు చూడుడు. వాటిలో ఏమి కనబడునో అదియే మీ తరువాతి పంచాయతీ సమావేశమునకు మొదటి అంశము కావలెనని మా ప్రార్థన.

సెలవు. జై హింద్.