ముట్టడిలో కొన్న పొలము



ఈ శతాబ్ది ఉత్సవములలో మనము స్తుతిగీతములు పాడుచున్నాము. పాడవలసినదే. అయితే ఈ యేడు భర్తను, బిడ్డను సమాధి చేసి వచ్చినవారును మన మధ్య కూర్చున్నారు. వారి గొంతు పాటలో కలియకపోయినచో దానిని అవిశ్వాసమని మనము ఎంచకూడదు. దుఃఖములోనున్న యింటికి వెళ్లి, ఏ పాపమువలన ఇది కలిగెనో అని గుసగుసలాడుట మన సంఘములలో ఇంకను ఉన్నది. యోబు స్నేహితులు ఏడు దినములు మాటలాడక నేలమీద కూర్చున్నంతవరకు మంచివారే; నోరు తెరచిన తరువాతనే తప్పిపోయిరి.

యిర్మీయా గ్రంథము 32వ అధ్యాయములో ఒక పొలము బేరము కలదు. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించియున్నది. పట్టణము పడిపోవునని చెప్పిన ప్రవక్త బందీగా నున్నాడు. అట్టి సమయమున పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులోని పొలము కొనుమని అడిగెను. శత్రువులు తిరుగుచున్న సీమలో పొలము ఎవడు కొనును? యిర్మీయా 17 తులముల వెండి తూచి ఇచ్చెను, సాక్షులను పిలిచెను, క్రయపత్రములను మట్టికుండలో దాచుమని బారూకునకు అప్పగించెను. రిజిస్ట్రారు ఆఫీసులో మన రైతు చూపు జాగ్రత్త అంతయు అందులో కనబడును!

రొక్కము చెల్లించిన పిమ్మట ఆయన మనస్సు కలవరపడెను. పట్టణమే పోవుచుండగా పొలమేల అని దేవునికి మొరపెట్టెను. దేవుడు ఆయనను త్రోసివేయలేదు, జవాబు చెప్పెను. ఆ పొలమును యిర్మీయా దున్నినట్లు మాత్రము ఎక్కడను వ్రాయబడలేదు. తుదకు ఆయనను ఐగుప్తునకు తీసికొనిపోయిరి.

పాడైన పొలము మన తెలుగువారికి క్రొత్త కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచివేసెను. ఆ తుపానులో చనిపోయినవారు ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది. బ్రతికినవారి చేలమీదికి సముద్రపు నీరు వచ్చిపోయెను. ఉప్పు పట్టిన నేలకు రైతు చేయు పని యొకటి కలదు. గట్లు వేసి, మంచినీరు నిలువగట్టి, ఉప్పు కరగిన నీటిని మురుగు కాలువలోనికి వదలి, మరల మంచినీరు పెట్టును. అది ఒక తడితో పోదు. నాటిన నారు మాడిపోయినను, రైతు మరియొక తడి పెట్టును.

ఓర్పు అనగా ఏడ్వక ఊరకుండుటయని మనము తలంచుచున్నాము. భర్తను పోగొట్టుకొనిన సహోదరి కన్నీళ్లు తుడుచుకొనుచునే పిల్లవానికి అన్నము కట్టి బడికి పంపుటయు, పెన్షను కాగితములకై అదే ఆఫీసు మెట్లు మరల ఎక్కుటయు అట్టి తడులే. ఆమె రాత్రివేళ దేవుని ప్రశ్నించినచో, యిర్మీయా ప్రశ్నింపలేదా?

ఆ తడి ఆమె ఒంటరిగా పెట్టుకొనవలెనా? భూస్థాపన నాడు మనమందరము వెళ్లుదుము. మూడవ నెలలో ఆ యింటి తలుపు తట్టువారు బహు తక్కువ. నేడు ఆరాధన ముగిసిన పిమ్మట ఏ యింటికి వెళ్లవలెనో మనలో చాలమందికి తెలియును. భోజనముల పిలుపు రాకమునుపే వెళ్లివత్తము.