పెళ్లిని ఓటుకి పెట్టొచ్చా?

ఆల్బనీ నుంచి మాట్లాడుతున్నాను. పోయినవారం ఇక్కడ తెలుగువాళ్లింట్లో భోజనాల దగ్గర పెద్ద వాదనే జరిగింది. ఇవాళ దాని గురించే.

నేను అన్నయ్యా అని పిలిచే పెద్దాయన ఒకరున్నారు. 2014లో కన్జర్వేటివ్ పార్టీకి ఓటేశారు. కాలిన్ క్రెయిగ్ పెట్టిన చిన్న పార్టీ అది. ఆయన మన పక్కనే ఈస్ట్ కోస్ట్ బేస్‌లో నిలబడి ఓడిపోయారు. పార్టీకి దాదాపు 4 శాతం ఓట్లొచ్చాయి. 5 శాతం దాటలేదు కాబట్టి సీట్లు రాలేదు.

అన్నయ్య మాట ఇదీ: “స్వలింగ వివాహం లాంటి పెద్ద మార్పుని 121 మంది ఎంపీలు తేల్చేస్తారా? జనాన్ని అడగొద్దూ?”

కొట్టిపారేసే మాట కాదిది. 2009లో పిల్లల్ని దండించడం గురించి రెఫరెండం పెడితే 87 శాతం మంది ఒకే మాట చెప్పారు. అయినా చట్టం మారలేదు. రెఫరెండం ఫలితానికి ప్రభుత్వం కట్టుబడాలన్నది ఆ పార్టీ ముఖ్య విధానం.

నేనడిగాను: “రేపు మనం గుడి కట్టుకోవాలా వద్దా అని ఆల్బనీలో ఓటు పెడితే ఒప్పుకుంటారా?”

“పార్లమెంటులోనూ మెజారిటీ ఓటేగా?” అన్నారాయన.

నిజమే. లూయిసా వాల్ బిల్లు 2013 ఏప్రిల్ 17న 77–44తో నెగ్గింది. కానీ అంతకుముందు కమిటీ వాదనలు వింది. మతవిశ్వాసం ఒప్పుకోని పురోహితుడు ఆ పెళ్లి చేయనక్కర్లేదని చట్టంలో రాశారు. అవునా, కాదా అని మాత్రమే అడిగే ఓటులో ఈ సర్దుబాటుకి చోటెక్కడ?

ఇక ఆ రోజు నేను చెప్పలేకపోయిన సంగతి. మా తమ్ముడు హైదరాబాద్‌లో తన సహచరుడితో ఉంటున్నాడు. వాడు సరేనన్నాకే చెప్తున్నాను. అదే ఊరి జంట సుప్రియో, అభయ్ వేసిన కేసులో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు, ఇది పార్లమెంటు తేల్చాల్సిన విషయమంది. ఇక్కడేమో పార్లమెంటు తేలిస్తే, జనాన్ని అడగాలన్నారు. ఆ రాత్రి తమ్ముడు ఫోన్‌లో, “ఇంకెవర్ని అడగాలక్కా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

అన్నయ్యా, మీరీ ఎపిసోడ్ వింటారని తెలుసు. మీ పార్టీ మీద నాకు కోపం లేదు. జనాన్ని అడగాల్సినవి చాలానే ఉన్నాయి. మా తమ్ముడి పెళ్లి మాత్రం అందులో లేదు. వచ్చే ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి, మిగతాది అక్కడ వాదించుకుందాం.

ఉంటానండీ.