బాడుగ యింటికి నోటీసు వచ్చినప్పుడు

“ఇల్లు ఖాళీ చేయుడు” అను మూడు మాటలు చదివినంతనే ఎంతటి ధైర్యవంతునికైనను గుండె ఒక్కసారి జారును. పిల్లల చదువు, పనికి పోవు దారి, పాలవాని ఖాతా, ఇరుగుపొరుగుల స్నేహము, ఇవన్నియు ఆ గడపతో ముడిపడి యుండును. ఆ కంగారులో కొందరు మరునాడే మూటాముల్లె కట్టుకొందురు. మరికొందరు కాగితమును చించివేసి, చూచుకొందములే యని ఊరకుందురు. రెండును చేటు తెచ్చునవే. నోటీసు అనగా నేమి, దానికి ఎంత బలము కలదు, అది అందిన పిదప బాడుగదారు చేయవలసిన దేమి అను విషయములను నేటి ప్రసంగమున ముచ్చటింపదలచితిమి.

శ్రీ సిటీ పరిసరములలో నివసించు శ్రోతలకు ఈ విషయము మరింత దగ్గరిది. 2008 లో సత్యవేడు, వరదయ్యపాళెము మండలములలో ఈ పారిశ్రామిక నగరము ఆరంభమైనది. 2015 లో ఫాక్స్‌కాన్ సంస్థ ఇచ్చట సెల్‌ఫోనుల తయారీ మొదలిడినది. 2016 లో ఇసుజు మోటారు కర్మాగారము తెరువబడినది. కర్మాగారములు ఒకటి వెంట నొకటి వెలసిన కొలది పనివారు పెరిగిరి. పనివారితోపాటు బాడుగ యిండ్లును పెరిగినవి. తడ, సూళ్లూరుపేట, వరదయ్యపాళెము, సత్యవేడు వీధులలో ఒంటిగది పోర్షనులు, మేడల మీద రేకుల గదులు లేచినవి. వానిలో చేరినవారిలో ఈ జిల్లావారు కలరు, తమిళనాటివారు కలరు, తెలుగు అక్షరము తెలియని ఉత్తరాది యువకులును కలరు. ఒప్పందము చాలచోట్ల నోటిమాటయే. అడ్వాన్సు చేతికిచ్చుట, తాళపుచెవి పుచ్చుకొనుట, అంతటితో సరి. మంచిగా ఉన్నంతకాలము నోటిమాట చాలును. తగవు వచ్చిన నాడే దాని బలహీనత బయటపడును.

బాడుగదారునకు రక్షణ కల్పింపవలెనను తలంపు మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పట్టణములలో ఇండ్లు చాలక బాడుగలు పెరిగిపోగా, మద్రాసు ప్రభుత్వము 1941 లో నియంత్రణ ఉత్తరువు తెచ్చెను. యుద్ధానంతరము 1946 లోను, 1949 లోను శాసనములు చేసెను. చిత్తూరు జిల్లా 1953 వరకు మద్రాసు రాష్ట్రములోనిదే కనుక, ఆ శాసనములే ఇచ్చటను చెల్లినవి. సత్యవేడువారికి 1960 వ సంవత్సరము రెండు విధముల గుర్తుంచుకొనదగినది. ఆ ఏడు ఏప్రిల్ 1 న పటాస్కర్ తీర్పు ననుసరించి సత్యవేడు ప్రాంతము చెంగల్పట్టు జిల్లానుండి చిత్తూరు జిల్లాలో చేరినది. ఆ ఏడే ఆంధ్రప్రదేశ్‌లో కట్టడముల బాడుగ, ఖాళీల నియంత్రణ శాసనము వెలువడినది. బాడుగ బకాయి పడుట, అనుమతి లేక ఇతరులకు బాడుగకిచ్చుట, కట్టడమునకు హాని చేయుట, యజమానికి నిజమైన స్వంత అవసరము కలుగుట మున్నగు కారణములలో ఒకదానిని ఋజువు చేసిననే గాని బాడుగదారును పంపరాదని ఆ శాసనము నిర్ణయించెను. అయితే 1957 ఆగస్టు 26 నుండి కట్టిన ఇండ్లను అందుండి మినహాయించిరి. ఆ మినహాయింపు సమానత్వమునకు విరుద్ధమని 1983 లో సుప్రీంకోర్టు కొట్టివేసెను.

తరువాతి కాలమున శాసనముల ధోరణి మారినది. తమిళనాడులో 2019 లో అమలునకు వచ్చిన శాసనమును, 2021 లో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నమూనా శాసనమును లిఖిత ఒప్పందమునకే ప్రాధాన్యమిచ్చినవి. రాష్ట్రమును బట్టియు, పురపాలక పరిధిని బట్టియు, ఇతర షరతులను బట్టియు వర్తించు శాసనము మారుచుండును. తడలో గది తీసుకొన్నవానికి ఒక శాసనము, సరిహద్దు కావలి ఆరంబాకములో తీసుకొన్నవానికి వేరొకటి. కనుక నోటీసు అందినవారు మొదట అడుగవలసిన ప్రశ్న “మా యింటికి ఏ శాసనము వర్తించును?” అనునదే. ప్రత్యేక శాసనములు వర్తింపని చోట్ల 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమే ఆధారము. ఇక మేము చెప్పబోవు గడువులు ఆ చట్టములోనివి.

ఆ చట్టము ప్రకారము నెలకు నెల బాడుగ చెల్లించుచు నివసించు ఇంటిని ఖాళీ చేయింపదలచినచో, యజమాని పదునైదు దినముల గడువుతో నోటీసు ఇయ్యవలెను. అది వ్రాతమూలకముగ నుండవలెను. ఇచ్చువాని సంతకము గాని, అతని తరపువాని సంతకము గాని ఉండవలెను. గడువు నోటీసు వ్రాసిన నాటినుండి కాక, అందిన నాటినుండి లెక్కకు వచ్చును. ఉదాహరణమునకు జూన్ 1 న వ్రాసిన నోటీసు 5 వ తేదీన చేతికి అందినదనుకొందము. అప్పుడు గడువు 20 వ తేదీతో ముగియును గాని 16 వ తేదీతో కాదు. అందుచేత కవరును పారవేయరాదు. అందిన తేదీని దానిపైననే వ్రాసి ఉంచవలెను. వరండాలో నిలబడి “వచ్చే నెల ఖాళీ చేయండి” యని కేక వేసిపోవుట ఈ చట్టము కోరిన నోటీసు కాదు.

ఇచ్చట మూడు మెలకువలు చెప్పవలసి యున్నది. మొదటిది, ఒప్పంద పత్రములో వేరొక గడువు వ్రాసికొని యున్నచో దానినే పాటింపవలెను. రెండవది, పత్రములో పదకొండు నెలలని కాలము నిర్ణయించుకొన్నప్పుడు, ఆ కాలము తీరగనే కౌలు దానంతట అదియే ముగియును. వేరుగ నోటీసు అక్కరలేదు. ఏడాదికి మించిన కౌలును రిజిస్టరు చేయింపవలెను కనుకనే ఈ పదకొండు నెలల వాడుక వచ్చినది. కాలము తీరిన పిదపను యజమాని సమ్మతించి బాడుగ పుచ్చుకొనుచున్నచో, అది నెలకు నెల కౌలుగా సాగినట్లు ఎంచబడును. మూడవది, నోటీసులో రెండు మూడు దినములు తక్కువైనవని మురిసిపోరాదు. 2002 సంవత్సరాంతమున అమలునకు వచ్చిన సవరణ ప్రకారము, పదునైదు దినములు నిండిన తరువాతనే దావా వేసి యున్నచో, ఆ కొరత మాత్రముచేత నోటీసు చెల్లకపోదు.

ఇక అసలు సంగతికి వత్తము. గడువు తీరిన మరునాడు ఏమగును? యజమాని వచ్చి సామాను వీధిలో వేయవచ్చునా? వేయరాదు. నోటీసు అనునది కౌలును ముగించు కాగితమే గాని, మనిషిని బయటికి పంపు ఉత్తరువు కాదు. బాడుగదారు తనంతట తాను వెడలనిచో, యజమాని న్యాయస్థానమున దావా వేయవలెను. బాడుగదారునకు సమను రావలెను. ఇరువురి వాదములు విని న్యాయమూర్తి డిక్రీ ఇయ్యవలెను. ఆ డిక్రీని న్యాయస్థానపు అమీనా అమలు జరుపవలెను. నోటీసునకును గడపకును నడుమ ఇంత దారి కలదు. ఆ దారియే బాడుగదారుని హక్కు.

ఆ దారిని కాదని యజమాని వేరొక తాళము వేసినను, సామాను బయట పెట్టినను 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టపు ఆరవ సెక్షను అక్కరకు వచ్చును. చట్టబద్ధమైన విధమున గాక వెడలగొట్టబడినవాడు ఆరు నెలలలోపల దావా వేసినచో, ఇల్లు ఎవరి సొత్తు అను ప్రశ్న జోలికి పోకయే న్యాయస్థానము అతనికి స్వాధీనము తిరిగి ఇప్పించును. ఆరు నెలలు దాటినచో ఈ మార్గము మూతపడును. గడువు తీరిన పిదప స్థిరముగా స్వాధీనములో నున్నవానినైనను న్యాయమార్గముననే తొలగింపవలెనని సుప్రీంకోర్టు 1989 లో స్పష్టము చేసినది. దీపములు ఆర్పించి, నీరు కట్టించి పొమ్మనకనే పొగబెట్టుటయు న్యాయము కాదు. విద్యుత్తు జీవితమునకు కనీసావసరమనియు, యజమాని అనుమతిపత్రము ఇయ్యలేదను కారణమున బాడుగదారునకు దానిని నిరాకరింపరాదనియు అదే న్యాయస్థానము 2022 లో చెప్పినది.

అయితే ఈ రక్షణ బాకీదారునకు దాగుడుచోటు కాదు. నోటీసు వచ్చినదని బాడుగ ఆపుట తన కేసును తాను చెరుపుకొనుటయే. యజమాని చేత పుచ్చుకొననిచో బ్యాంకు ఖాతాకు పంపవలెను. ఫోను ద్వారా పంపిన సొమ్మునకును లెక్క మిగులును. ఏ నెల బాడుగయో అందులో గుర్తుగా వ్రాయవలెను. నోటీసునకు జవాబును వ్రాతలోనే, స్పీడు పోస్టున పంపి, నకలును రసీదును దాచుకొనవలెను. సమను అందినచో ముప్పది దినములలో సమాధానపత్రము దాఖలు చేయవలెను. కోర్టు కాగితమును పుచ్చుకొనక తప్పించుకొని తిరిగినచో వెనుక ఏకపక్షపు డిక్రీ పుట్టును. అప్పుడు అమీనా వచ్చు దినముననే సంగతి తెలియును.

యజమాని పక్షమును ఆలోచింపవలెను. మేడమీది రెండు గదుల బాడుగ తప్ప వేరు రాబడి లేని వృద్ధురాండ్రు మన ఊళ్లలో కలరు. కొడుకు పెండ్లికి గది కావలెనని అడుగుట దోషము కాదు. చట్టము ఆమెను ఇల్లు వదలుకొమ్మని చెప్పలేదు. ఇల్లు తిరిగి తీసుకొనుటకు ఒక పద్ధతి చూపినది. పద్ధతి ప్రకారము నడచినచో ఆమెకును మేలు, నివసించువారికిని మేలు. బలవంతముగా తాళము వేయించినచో న్యాయమైన అవసరము గలవారు సైతము ముద్దాయిలై నిలువవలసి వచ్చును.

శ్రీ సిటీవైపు మరియొక చిక్కు కలదు. కార్మికులు, అందును ముఖ్యముగా యువతులు, చాలమంది హాస్టళ్లలో ఉందురు. ఒక మంచమునకు నెలసరి సొమ్ము కట్టువారు సామాన్యముగా చట్టము దృష్టిలో బాడుగదారులు కారు. అనుమతిపై ఉన్నవారు, అనగా లైసెన్సుదారులు. వారికి పదునైదు దినముల నియమము వర్తింపదు. అంతమాత్రమున రాత్రికి రాత్రి వీధిలో నిలువవలసినదేనా? కాదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము ప్రకారము, అనుమతి రద్దైనప్పుడు విడిచిపోవుటకును, తమ వస్తువులను తీసుకొనిపోవుటకును సమంజసమైన వ్యవధి వారికి కలదు. కంపెనీయే మేడ బాడుగకు తీసుకొని పనివారిని ఉంచినచో, నోటీసు కంపెనీ పేర వచ్చును. అట్టిచోట చేరునాడే “ఇల్లు పోయినచో మా వసతి మాటేమి?” యని వ్రాతలో అడిగి తెలిసికొనుట మంచిది.

ప్లీడరునకు రుసుము ఎక్కడిదని వెనుదీయువారు ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, షెడ్యూల్డు తెగలవారికి, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయసహాయము లభించును. ఇందులో పారిశ్రామిక కార్మికుల పేరు విడిగా ఉన్నదని శ్రీ సిటీ పనివారు గమనింపవలెను. 15100 అను నంబరునకు ఫోను చేసినను, సమీపమున నున్న న్యాయస్థానపు ఆవరణలోని న్యాయసేవా కమిటీలో విచారించినను దారి చూపుదురు. తగవు చిన్నదైనచో లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకొనవచ్చును. పిల్లల పరీక్షలు ముగియువరకు గడువు, ఆ నాటికి ఖాళీ, అదే నాడు అడ్వాన్సు వాపసు అని ఇరువురును ఒప్పుకొని సంతకములు చేసినచో, ఆ తీర్పునకు డిక్రీతో సమానమైన విలువ కలదు. దానిపై అప్పీలు లేదు.

శ్రోతలారా, మేము చెప్పినదంతయు నోటీసు వచ్చిన తరువాతి మాట. అది రాకముందే చేయవలసిన పని మరియొకటి కలదు. ఇల్లు పుచ్చుకొనునాడే ఒక కాగితముపై నెల బాడుగ, అడ్వాన్సు మొత్తము, అది తిరిగి ఇచ్చు విధము, ఖాళీకి ముందు ఇరువురును పాటింపవలసిన గడువు, కరెంటు మీటరు అంకె వ్రాయించి, ఇరువురును సంతకములు చేసి చెరియొక ప్రతి ఉంచుకొనుడు. తెలుగు రాని బాడుగదారునకు చదివి అతని భాషలో అర్థము చెప్పించుడు. ఆ కాగితమును, బాడుగ రసీదులను రేషను కార్డు ఉంచు పెట్టెలోనే పెట్టుడు. నోటీసు వచ్చిన నాడు మొదట తెరువవలసినది ఆ పెట్టెనే.